మామగారికి కొన్న బైనాక్యులర్

మా మామగారు కాల్చిన ఆడ జింకకి కింది దవడ ఊడిపోయింది కానీ ప్రాణం పోలేదు. మొక్కజొన్న కోసేసిన చేలో అది గుండ్రంగా తిరిగింది. నాలుక మెడ దాకా వేలాడుతోంది. మంచు మీద నెత్తురు చెంబుతో పోసినట్టు పడుతోంది. ఆయన మళ్ళీ కాల్చారు, గురి తప్పింది. ఇంకోసారి కాల్చారు, వెనక కాలు విరిగింది. చివరికి ఆ పొలం యజమాని తన తుపాకీ సంగతి కూడా మర్చిపోయి పరిగెత్తుకుంటూ వచ్చి, దాని మెడ మీద మోకాలు ఆనించి, కత్తితో ముగించాడు. నేను కాళ్ళు పట్టుకున్నాను. చచ్చేముందు అది తన్నిన తన్నుకి నా మోచెయ్యి వాచింది.

మామగారు మంచె దిగి తీరుబడిగా వచ్చారు. జింక వైపు చూశారు, కత్తి తుడుచుకుంటున్న మనిషి వైపు చూశారు. మెడలో ఉన్న పాత బైనాక్యులర్‌ని తీసి చేతిలో పట్టుకున్నారు.

"దీని పనైపోయిందమ్మాయ్. లోపలంతా మబ్బు పట్టింది. జింక పక్కకి తిరిగి ఉందనుకున్నాను" అన్నారు.

ఇది పోయినేడాది నవంబర్ సంగతి. మేం ఉండేది మిషిగన్‌లో, ఫార్మింగ్టన్ హిల్స్‌లో. మామగారు డెబ్బై దాటిన సర్జన్. ఈ దేశం వచ్చిన కొత్తలో ఆస్పత్రిలో తోటి డాక్టర్లు ఆయన్ని జింకల వేటకి తీసుకెళ్ళారట. వాళ్ళంతా ఒకరొకరుగా మానేశారు, కొందరు పోయారు, ఈయన మాత్రం మానలేదు. మా ఆయనకి నెత్తురు చూస్తే కళ్ళు తిరుగుతాయి. కూరగాయలు తరుగుతూ వేలు తెగితే సోఫాలో పడుకుని నన్ను పిలిచే మనిషి. నేనేమో గుంటూరు పక్క పిల్లని. ఆదివారం కోడిని పెరట్లోనే కోసే ఇంట్లో పెరిగాను. కాబట్టి పెళ్ళయి వచ్చిన రెండో ఏడాది నుంచి వేటకి మామగారి వెంట వెళ్ళేది కోడలే. గుడిలో మా స్నేహితురాళ్ళు ఈ సంగతి విని నవ్వుతారు, ఆ తర్వాత ఫ్రీజర్‌లో ఏమైనా మిగిలిందా అని మెల్లిగా అడుగుతారు.

నాకు వేటంటే అసహ్యం లేదు. అది ముందే చెప్పేస్తాను. నేను తుపాకీ పట్టను, కానీ పడ్డ జింక పొట్ట కోసి, మోచేతుల దాకా లోపల పెట్టి పేగులు లాగేది నేనే. చలికి కొయ్యబారిన వేళ్ళు ఆ వేడికి మళ్ళీ కదులుతాయి. లివర్ ఆ రోజే మిరియాలు వేసి వేపుతాను. నాకు అసహ్యమల్లా ఒక్కటే, సరిగ్గా చంపకపోవడం.

ఆ పొలం యజమాని కూడా పెద్దవాడే. ఒకప్పుడు ఆయన పిత్తాశయం పగిలిపోయే స్థితిలో ఉంటే అప్పటికప్పుడు ఆపరేషన్ చేసి బతికించింది మామగారు. అప్పటినుంచి ప్రతి నవంబర్‌లో ఆ పొలం మామగారికి సొంతం లాంటిదే. అలాంటి మనిషి ఆ రోజు జింకని ట్రక్కులోకి ఎక్కించాక నన్ను పక్కకి పిలిచాడు. ఆయన ఇంగ్లీషులో చెప్పినదాన్ని నా మాటల్లో చెబుతున్నాను. మామగారిని ఆయన డాక్ అంటాడు.

"వచ్చే ఏడు డాక్ ఆ మంచె ఎక్కాలంటే పక్కన నువ్వు ఉండాలి. నీ చేతిలో మంచి బైనాక్యులర్ ఉండాలి. ముందు నువ్వు చూడు. అది ఏమిటో, ఎటు తిరిగి ఉందో చూసి యస్ అను. నువ్వు యస్ అన్నాకే ఆయన తుపాకీ ముట్టుకోవాలి. అలా కుదరదంటే తీసుకురాకు. ఈ చుట్టుపక్కల మనుషులు తిరుగుతుంటారు."

తుపాకీ మీద స్కోప్ ఉంటుంది కదా, దానితోనే చూసుకోవచ్చు కదా అని తెలియనివాళ్ళు అడుగుతారు. స్కోప్‌తో చూడటమంటే చూసిన ప్రతిదాని మీదికీ తుపాకీ ఎక్కుపెట్టడమే. చూసేది ఒకటి, కాల్చేది ఒకటి వేరువేరుగా ఉండాలి. ఎవడిదో ప్రాణం ఆ రెంటి మధ్య దూరంలో ఉంటుంది. ఈ మాట నాకు నేర్పింది మామగారే. మొదటి ఏడాది నేను ఆడుతూ పాడుతూ స్కోప్‌లోంచి పక్క పొలంలో ట్రాక్టర్‌ని చూడబోతే చెవులు పగిలేలా అరిచారు.

ఇంటికొచ్చాక మేమంతా కూర్చుని మాట్లాడుకున్నాం. అత్తగారు, మా ఆయన, నేను. అందరం ఒక్క మాటే అన్నాం, బైనాక్యులర్ పాతదైపోయింది, కొత్తది కొనాలి. కళ్ళ మాట ఒక్కరు ఎత్తలేదు. నలభై ఏళ్ళు మనుషుల కడుపులు కోసి కుట్టిన మనిషితో మీకు చూపు తగ్గిందేమో అని అనగలిగే నోరు మా ఇంట్లో లేదు. కొడుక్కి భయం. భార్యకి అలవాటు. నేను కోడల్ని. నా నోరు పెద్దదని పేరే గానీ అదంతా మా ఆయన దగ్గరే. మామగారి ముందు "అలాగేనండీ" తప్ప ఇంకో మాట రాదు. ఆ మాట చెప్పడం కంటే బైనాక్యులర్ కొనడం తేలిక కదా, అందుకని అందరం కలిసి ఆ పనిలో పడ్డాం.

మామగారు డబ్బున్న డాక్టరే గానీ సాక్సులు కూడా సేల్‌లో తప్ప కొనరు. "పేరున్న జర్మన్ గాజులు నాకొద్దు. నాలుగు రోజుల వేటకి అంత అవసరమా. అఫర్డబుల్‌గా చూడండి" అని హుకుం జారీ చేశారు. ఇక మావాళ్ళ సంగతి చెప్పాలా. ఇక్కడి మన తెలుగువాళ్ళకి రిటర్న్ పాలసీ ఒకటి కనబడితే చాలు, ఏదీ ఒకటి కొనరు. నాలుగు తెప్పించి, వాడి, మూడు వెనక్కి పంపుతారు. మా ఆయన వాట్సాప్ గ్రూపులో అడిగాడు. ఆ గ్రూపులో జింకని తినడం తప్ప చూసినవాడు ఒక్కడూ లేడు, అయినా సలహాలు కుప్పలుగా వచ్చాయి.

మా ఆయన మొదట తెప్పించింది జూమ్ అయ్యేది, ఇరవై రెట్లు దగ్గరగా చూపించేది. అంకె ఎంత పెద్దదైతే సరుకు అంత గొప్పదని ఆయన నమ్మకం. చిన్నప్పటి మార్కుల జబ్బు పోలేదు. నేను దాన్ని పెరట్లో కళ్ళకి పెట్టుకుంటే నా గుండె కొట్టుకోవడం కూడా అందులో కనిపించింది. కంచె మీది ఉడుత వణికిపోతోంది. చేతుల్లో పట్టుకుని చూసేదానికి ఎనిమిది రెట్లో పదో చాలు, అంతకు మించితే స్టాండ్ కావాలి. ఇది నేను రెండు వారాలు చదివి తెలుసుకున్నాను. నా ఉద్యోగం కార్ల బ్రేకులు టెస్ట్ చేయడం, కాబట్టి ప్రకటనలో రాసినదాన్ని నమ్మకపోవడం నాకు అలవాటు.

ఎనిమిది బై నలభై రెండు అని రాసి ఉంటుంది. ఎనిమిది రెట్లు దగ్గర, ముందు గాజు నలభై రెండు మిల్లీమీటర్ల వెడల్పు అని అర్థం. రెండోదాన్ని మొదటిదానితో భాగిస్తే కంటికి చేరే వెలుతురు ఎంతో తెలుస్తుంది. జింకలు వచ్చేది తెల్లవారుతుండగా, పొద్దు వాలుతుండగా. మిట్టమధ్యాహ్నం చవక గాజులో కూడా అన్నీ బాగానే కనిపిస్తాయి. ఆ చీకటి వెలుతురులో జింకకి, పొదకి, మనిషికి తేడా చూపించేదే బైనాక్యులర్. మామగారికి కళ్ళద్దాలు కాబట్టి కంటికి ఆనే రబ్బరు కిందికి తిప్పి మడిచేలా ఉండాలి. లోపల తేమ చేరకుండా సీలు వేసి ఉండాలి. ముందు గాజు ఎర్రగా తళతళలాడేది మాత్రం కొనకూడదు, అది సోకే గానీ పని చెయ్యదు. ఇవన్నీ మధ్యరకం ధరలోనే దొరుకుతాయి. ఆ పైన పెట్టేదంతా పేరుకే.

మూడు రకాలు తెప్పించాను. షాపు దీపాల కింద చూస్తే అన్నీ ఒకటే కాబట్టి ఒక సాయంత్రం మామగారిని కారులో ఎక్కించుకుని దగ్గర్లోని స్ట్రిప్ మాల్ పార్కింగ్‌లోకి తీసుకెళ్ళాను. వెలుతురు పోతోంది. రోడ్డుకి అవతల పెద్ద టైర్ల షాపు బోర్డు ఉంది. మొదటిది ఇచ్చాను. ఆయన తల కాస్త వంచి, ఓరగా పెట్టి చూశారు.

"మబ్బు."

రెండోది ఇచ్చాను. "ఇదీ మబ్బే." మూడోది కూడా అంతే. నేను తీసుకుని చూస్తే బోర్డు కింద చిన్న అక్షరాల్లో రాసిన షాపు వేళలు కూడా స్పష్టంగా చదవగలిగాను. నాకు ఒళ్ళు మండింది. చలిలో నిలబడి, ఆఫీస్ నుంచి తిన్నగా వచ్చి, అన్నం కూడా తినకుండా ఈ పని చేస్తుంటే ఈయన వంకలు పెడుతున్నారని అనిపించింది. ఆ కోపంలోనే అడిగాను.

"ఆ బోర్డు మీద ఏముందో చదవండి మామయ్యగారూ."

ఆయన రెండో బైనాక్యులర్ మళ్ళీ తీసుకున్నారు. కాసేపు చూశారు. బోర్డు మీది పేరంతా తడుముకోకుండా చదివారు. "ఇది బాగానే ఉందిలే అమ్మాయ్. ఇదే ఉంచు" అన్నారు. అదే అన్నిటికంటే చవకైనది. నాకు గుండెల మీంచి బరువు దిగింది. మిగతా రెండూ మర్నాడే తిరిగి పంపేశాను. ఆ షాపులో ఆయన తన కార్లన్నిటికీ టైర్లు వేయించుకున్నారన్న సంగతి నాకు ఆ సాయంత్రం తట్టలేదు.

ఈ నవంబర్‌లో సీజన్ మొదటి రోజున ఇద్దరం ఉత్తరానికి వెళ్ళాం. డ్రైవ్ చేసింది నేనే. ఆయన ఈ మధ్య స్టీరింగ్ ముట్టుకోవడం లేదు. రిటైరయ్యాక కూడా నేను తోలడమేమిటి, తోలించుకుంటాను అని నవ్వేవారు. మేమూ నవ్వేవాళ్ళం. ముందు రోజు మోటెల్‌లో పడుకుని, తెల్లవారకముందే మంచె ఎక్కాం. మంచె అంటే నాలుగు కర్రల మీద ప్లైవుడ్ పెట్టె, మూడు వైపులా కిటికీలు, రెండు మడత కుర్చీలు. మనుషులమని దూరానికి తెలిసేలా ఇద్దరం నారింజ రంగు కోట్లు వేసుకున్నాం, వేటకి అది చట్టం. ఎక్కే ముందు పొలం యజమాని నా వైపు చూసి యస్ అనే మాట గుర్తుచేశాడు. తాను తూర్పు వైపు అడవిలో ఇంకో మంచె మీద ఉంటానని చెప్పి వెళ్ళాడు.

వెలుతురు రాగానే చుట్టూ తుపాకులు మొదలయ్యాయి. సీజన్ మొదటి పొద్దున ఆ ప్రాంతమంతా యుద్ధం జరుగుతున్నట్టే ఉంటుంది. ఒక మోత దూరంగా, ఒకటి దగ్గరగా, ఆ వెంటనే రెండు మూడు కలిపి. ప్రతి మోతకీ ఎక్కడో ఒక జింక మోకాళ్ళ మీద కూలుతుందని నాకు తెలుసు. నిజం చెప్పొద్దూ, నాకూ చేతులు దురద పెడుతున్నాయి. పోయినేటి దవడ నా కళ్ళలోంచి పోలేదు, ఈసారి శుభ్రంగా ఒక్క దెబ్బతో పడాలి, దాన్ని నేను కొయ్యాలి అని మొండిగా అనుకుంటున్నాను.

తూర్పు అడవిలోంచి ఒక మోత వచ్చింది. పొలం యజమాని తుపాకీయే. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. నేను కిటికీ అంచు మీద మోచేతులు ఆన్చి పొలం గట్టు పొడుగునా బైనాక్యులర్ తిప్పుతున్నాను. నా ఎడమ పక్క మామగారు, ఒళ్ళో తుపాకీ.

గట్టు దగ్గర పొదల్లో ఏదో కదిలింది. గోధుమ రంగు. ఫోకస్ తిప్పాను. పొద మీదుగా కొమ్ములు లేచాయి. మంచి పెద్ద కొమ్ములు, చెరో వైపు నాలుగు కొసలు. లేచి పక్కకి ఒరిగి మళ్ళీ లేచాయి. బతికున్న జింక తల అలా తిప్పదు.

"కొమ్ములు కనిపిస్తున్నాయండీ, కానీ ఆగండి" అన్నాను.

"కదిలింది. నేనూ చూశాను."

"ఆగండి. నేను యస్ అనలేదు."

కొమ్ముల పక్కన ఒక చెయ్యి కనిపించింది. మోచేతి దాకా ఎర్రగా ఉన్న చెయ్యి. యజమాని. కాల్చిన జింక పరిగెత్తి మా పొలం గట్టున పడినట్టుంది, వెతుక్కుంటూ వచ్చి మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని కోస్తున్నాడు. నారింజ కోటు విప్పేసి కొమ్మకి తగిలించాడు, ఒంటి మీద గోధుమ రంగు పని బట్టలున్నాయి. టోపీ ఒక్కటి నారింజది, తల వంచుకున్నాడు కాబట్టి అదీ పొద వెనకే.

పక్కన తుపాకీ సేఫ్టీ మీట తీసిన చప్పుడు వినిపించింది. తుపాకీ గొట్టం కిటికీలోంచి బయటికి పోయింది. మామగారి చెంప తుపాకీ కర్రకి ఆనింది.

"మామయ్యగారూ, మనిషి. మనిషండీ" అన్నాను.

ఆయన వినిపించుకోలేదు. ఊపిరి సగం వదిలి ఆపారు. కాల్చేముందు అలా ఆపాలని నాకు నేర్పింది కూడా ఆయనే. వేలు లోపలికి పోతోంది.

నేను కొట్టాను. చేతిలో ఉన్న బైనాక్యులర్‌తోనే, ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి, ఆయన ముఖం మీద కొట్టాను. ఎముక మీద ఇనుము తగిలిన చప్పుడు నా మోచేతి దాకా వచ్చింది. ఆయన వెనక్కి ఒరిగారు, తుపాకీ కిందికి వాలి పేలింది. ఆ పెట్టెలో ఆ మోతకి నా చెవులు గింగుర్లెత్తాయి. కిటికీ కింది ప్లైవుడ్ చీలికలై లేచింది, గుండు మంచె కిందే నేలలోకి పోయింది. నేను తుపాకీ లాక్కున్నాను. ఆయన వదల్లేదు. మణికట్టు మెలిపెట్టి, వేళ్ళు ఒక్కొక్కటీ ఊడదీసి లాక్కున్నాను. బోల్టు తీసి గుళ్ళన్నీ నేల మీద పోసేశాను.

ఆయన కనుబొమ మీద చర్మం చీలి రెండు పెదాల్లా తెరుచుకుంది. నెత్తురు కంట్లోకి, గడ్డం మీదికి, నారింజ కోటు మీదికి కారుతోంది.

"ఎందుకు కొట్టావు?" అన్నారు. కోపం లేదు గొంతులో. నిజంగానే తెలియక అడిగారు.

"అక్కడున్నది మనిషండీ. బుద్ధుందా మీకు? నేను యస్ అన్నానా? అన్నానా అని అడుగుతున్నాను."

జీవితంలో ఆయన మీద గొంతు లేపడం అదే మొదలు. అంత కోపంలోనూ మీరు అనే మాట పోలేదు. ఇంకోటి కొట్టాలనిపించింది. చెయ్యి లేచింది కూడా. యజమాని పోయి ఉంటే ఆయన భార్యకి ఏం చెప్పేవాళ్ళం అన్న ఆలోచన వచ్చి, చెయ్యి దించేశాను.

యజమాని పరిగెత్తుకుంటూ వచ్చాడు. మంచె కింద గుండు పడ్డ చోటు చూశాడు, కిటికీ చూశాడు, గొంతు చించుకుని ఏమైందని అడిగాడు. నేను ఇంగ్లీషులో ఉన్నదున్నట్టు చెప్పాను, నిన్ను కాల్చబోయారని. ఆయన నిచ్చెన ఎక్కి మామగారిని కాలర్ పట్టుకుని కిందికి ఈడ్చాడు. మామగారు ఆఖరి రెండు మెట్లు జారి పడ్డారు. లేపి, నిచ్చెనకేసి బాదాడు. ఒకసారి, మళ్ళీ ఒకసారి. మామగారి తల కర్రకి తగిలింది. యజమాని చేతులు జింక నెత్తురుతో తడిసి ఉన్నాయి, మామగారి కోటు మీద ఆ చేతి గుర్తులు పడ్డాయి. నేను ఆపలేదు. ఆపాలనిపించలేదు.

అప్పుడు మామగారు, తన గొంతు పట్టుకుని ముఖంలో ముఖం పెట్టి ఉన్న ఆ మనిషిని, చాలా మర్యాదగా ఇంగ్లీషులో అడిగారు.

"మీరెవరు?"

యజమాని చేతులు ఆగిపోయాయి. అంత దగ్గరగా ఉన్నాడు, ఇద్దరి ఊపిరీ ఒకటే పొగ అవుతోంది. ముప్పై ఏళ్ళ స్నేహం.

"నేను, డాక్. నేనే" అన్నాడు.

గొంతు వినగానే మామగారి ముఖం మారింది. ఆయన పేరు పలికారు. "నీ మీదికా? నీ మీదికా నేను గురిపెట్టింది?" అన్నారు. యజమాని ఆయన్ని వదిలి, రెండడుగులు వెనక్కి వేసి, బురదలో కూలబడ్డాడు. కాసేపటికి లేచి, మంచె ఎక్కి తుపాకీ తెచ్చుకున్నాడు. ఇది ఇక తన దగ్గరే ఉంటుందని నాతో చెప్పాడు. మామగారితో మళ్ళీ మాట్లాడలేదు. జింక దగ్గరికి తిరిగి వెళ్ళిపోయాడు.

నేను కారు హైవే ఎక్కించాను. మామగారు కనుబొమ మీద తువ్వాలు అదిమి పట్టుకుని కూర్చున్నారు. ఒక గ్యాస్ స్టేషన్ దాటాక ఆయనే మొదలుపెట్టారు.

"ఇంట్లో స్కోప్ తగిలిందని చెబుదాం. కాల్చినప్పుడు తుపాకీ వెనక్కి తన్ని అలా తగులుతుంటుంది. ఎవరికీ అనుమానం రాదు."

"ఎప్పటినుంచి కనపడటం లేదు మీకు?"

నేను కారు వేగం పెంచాను. ముందున్న ట్రక్కుల మధ్య దూరిపోతూ, స్టీరింగ్ మీద గుద్దుతూ అడిగాను. ఎప్పటినుంచండీ. చెప్పండి. ఎప్పటినుంచి.

"పక్కలన్నీ కనపడతాయి. మధ్యలో ఏమీ ఉండదు" అన్నారు చివరికి. "మొదట బాత్‌రూమ్‌లో టైల్స్ గీతలు వంకరగా కనిపించాయి. అదేమిటో నాకు ఆ రోజే తెలుసు. ఒక కన్నుతో మొదలైంది, రెండోది వెనకే వచ్చింది. మొదట్లో చూపించుకుంటే కంట్లో ఇంజెక్షన్లు ఇచ్చి ఆపేవాళ్ళేమో. చూపించుకుంటే జబ్బుకి పేరు పెడతారు. పేరు పెడితే ఇంట్లో తెలుస్తుంది. కారు తీసేస్తారు, తుపాకీ తీసేస్తారు, పక్కన ఒక మనిషిని పెడతారు. మీరందరూ బైనాక్యులర్ కొంటామంటే సరే అన్నాను."

"మరి నన్ను ఎలా గుర్తుపడుతున్నారు?"

"అడుగుల చప్పుడు. గొంతు. నువ్వు ఎలా ఉంటావో చూసి చాలా కాలమైందమ్మా."

ఆయన నాతో మాట్లాడేటప్పుడు ఎప్పుడూ నా చెవి పక్కకి చూస్తూ మాట్లాడతారు. పాతకాలం మనిషి, కోడలి ముఖంలోకి సూటిగా చూడటం మర్యాద కాదనుకుంటారని నేను అనుకున్నాను. అందులో నాకు గర్వం కూడా ఉండేది, మా అమ్మకి ఫోన్‌లో చెప్పుకున్నాను కూడా. ఆయన ఓరగా చూస్తే తప్ప ఎవరూ కనిపించరని తెలిసేసరికి నా కోపం ఎటు పోవాలో తెలియలేదు. ఏడుపొచ్చింది. ఏడుస్తూనే తిట్టాను. ఆయన అన్నీ విన్నారు.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం దాటింది. మా ఆయన తలుపు తీసి, తండ్రి ముఖం చూసి, గోడ పట్టుకుని అక్కడే కూర్చుండిపోయాడు. అత్తగారు గాజుగుడ్డ, వేడినీళ్ళు తెచ్చి ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టారు.

"ఏమైందండీ?"

"స్కోప్ తగిలింది" అన్నారు మామగారు.

నేను పక్కనే నిలబడ్డాను. ఇప్పుడు ఊరుకుంటే రేపు ఇంకో తుపాకీ వస్తుంది, ఇంకో పొలం దొరుకుతుంది. ఎవరో ఒకరి పొట్ట చీలుతుంది.

"స్కోప్ కాదత్తయ్యా. నేనే కొట్టాను. మనిషిని కాల్చబోతుంటే కొట్టాను. ఆయనకి కళ్ళు కనపడటం లేదు."

అత్తగారు నా వైపు చూడలేదు. ఆయన వైపే చూస్తూ అడిగారు.

"నిజమేనా?"

మామగారు తల ఊపారు. తర్వాత నాకు చెప్పినట్టే ఆవిడకీ చెప్పారు, టైల్స్ గీతల దగ్గర మొదలుపెట్టి అన్నీ. పక్కలు కనపడతాయని, మధ్యలో ఏమీ ఉండదని, ముఖాలు అసలే తెలియవని. ఆవిడ ఒక్కసారి కూడా అడ్డుపడలేదు. గాయం తుడుస్తూనే విన్నారు. మధ్యలో గుడ్డ నీళ్ళలో ముంచి పిండారు, నీళ్ళు ఎర్రబడ్డాయి. మా ఆయన నేల మీదే ఉన్నాడు.

"నా ముఖం కూడానా?" అని అడిగారు అత్తగారు.

ఆయన తల దించుకున్నారు.

"మరి మొన్న గుడికి బయల్దేరుతుంటే చీర బాగుందన్నారు."

ఆయన ఆవిడ గొంతు వచ్చిన వైపు తల తిప్పారు. అత్తగారు గుడ్డ ఆయన కనుబొమ మీద అదిమి, నెత్తురు ఆగేదాకా అలాగే పట్టుకుని నిలబడ్డారు.